తోరణం వచ్చేసింది, ఇక నీళ్ళెందుకు?

పేదల కాలనీల్లో జీవన ప్రమాణాలు పెంచాలని పెద్దలు గట్టిగా అనుకుంటే ఏమవుతుందో చూడాలనుకునేవాళ్ళు హనుమకొండ శివార్లలో సర్కారు పేదలకు ఫ్రీగా కట్టించిన ఒక డబుల్ బెడ్రూం కాలనీకి రావాలి. లోపలికి పోనక్కర్లేదు, గేటు దగ్గరే అర్థమైపోతుంది. సిమెంటుతో పోసిన కాకతీయ కళాతోరణం, దానికి బంగారు రంగు, చీకటి పడితే రంగులు మారే లైట్లు. కింద మోరి నీళ్ళు. లైట్లు వెలిగినప్పుడు ఆ నీళ్ళలో తోరణం నీడ పడుతుంది కాబట్టి ఒక్కదాని ఖర్చుతో రెండు వచ్చినట్టే.

మన ఊళ్ళో తోరణం లేనిదెక్కడ? బస్‌స్టాపుకి తోరణం, ఫంక్షన్ హాలుకి తోరణం, రాష్ట్ర చిహ్నంలోనూ అదే. అయినా ఈ కాంట్రాక్టరు మాత్రం చరిత్ర చదివినోడే అనిపిస్తుంది. వరంగల్ కోటలో కాకతీయుల నాలుగు తోరణాలూ నిలిచే ఉన్నాయి, నడుమ ఉండాల్సిన స్వయంభూ శివాలయమే కూలిపోయింది కదా, ఆయన కూడా అదే లెక్కన తోరణం దిట్టంగా కట్టి, వెనకాల బ్లాకుల పెచ్చులు ఊడిపోనిచ్చాడు.

2015 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వరంగల్‌లో మకాం వేసి బస్తీలన్నీ తిరిగినప్పుడు ఈ ఇళ్ళ ముచ్చట ఊరంతా మోగింది. ఒక్క గది ఇంట్లో బిడ్డా అల్లుడూ వస్తే యాడ పండాలె అన్నది ఆ రోజుల్లో పెద్ద ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. అందుకే 560 చదరపు అడుగులు, రెండు పడకగదులు, ఒక హాలు, వంటగది, రెండు బాత్రూములు. ఇప్పుడు అల్లుడు హాయిగా పండుకుంటున్నాడు. తెల్లారి లేచాకే వస్తుంది తంటా, బాత్రూములు రెండున్నాయి గానీ నీళ్ళు మూడో అంతస్తు ఎక్కవు. మోటరు కాలిపోయింది. రిపేరుకి పైసలెవరియ్యాలె అంటే హౌసింగోళ్ళు మున్సిపాలిటీని చూపిస్తారు, మున్సిపాలిటీ వాళ్ళు కాలనీ కమిటీని చూపిస్తారు, కమిటీ తోరణాన్ని చూపిస్తుంది.

ఆ తోరణం ప్రారంభోత్సవం చూడాల్సింది. ముందురోజు రాత్రే బ్లీచింగ్ పౌడర్ దిగింది. సెప్టిక్ ట్యాంకు పొంగి దారికి అడ్డంగా పారుతుంటే దానికి రెండు పక్కలా తెల్లగా, తాడు పట్టి గీసినట్టు గీతలు వేశారు. మనూళ్ళో మురికి కాలువ ఎప్పుడైనా ఇంత అందంగా కనబడిందా? పొద్దున ఒక సారొచ్చి చూసి, పెద్దసారు కార్ల నుంచి దిగి దీంట్లనే కాలు పెడతడు కదా అన్నాడు. వెంటనే నాలుగు ఇటుకలు వేశారు. ఇటుకలు ఫోటోలో బాగుండవని పైన ఆకుపచ్చ మ్యాటు పరిచారు. పెద్దసారు ఎనిమిదింటికి అని పదకొండున్నరకు వచ్చేసరికి మ్యాటు కింద నుంచి నానింది, ఆయన అడుగు వేస్తే పచక్కుమంది, ఆయన ఆగలేదు, ముందుకే నడిచారు, వెనకాల వస్తున్న కార్పొరేటరు గారు ఎవరి అడుగులో అడుగు వేయాలో తెలియక గాలిలో కాలు పెట్టుకుని ఉండిపోయారు. అప్పుడే ఫోటో తీశారు. మరుసటి రోజు పేపర్లో ఉరుకుతున్నట్టు పడింది. అభివృద్ధి వైపు పరుగు!

ఆ సభలోనే పై అంతస్తు అవ్వ ఒకామె లేచి, "సారూ, కమాను మంచిగున్నది, నల్లా ఎప్పుడిస్తరు?" అంది. శాలువా కప్పి కూర్చోబెట్టారు.

ఇంతదాకా నవ్వుకుందాం. కానీ తర్వాత టీ తాగుతూ ఒక పెద్దమనిషి అన్న మాట నాకు ఇంకా అరగడం లేదు. "ఫ్రీగా ఇస్తే ఇట్లనే ఉంటది, వీళ్ళకు శుభ్రంగ బతుకుడు రాదు" అన్నాడు. ఎవరికి రాదు? ఆ కాలనీలో సగం మంది తెల్లారక ముందే చీపుర్లు పట్టుకుని వచ్చి నువ్వు స్కూటర్ మీద తిరిగే చౌరస్తా ఊడుస్తున్నారు. నీ ఇంటి ముందు చెత్త ఎత్తేది వాళ్ళే. నీ సెప్టిక్ ట్యాంకు నిండితే ఫోన్ చేస్తావు, బండొచ్చి తీసుకుపోతుంది. రెండు బాత్రూములకు ఒక్క బిందె నీళ్ళిచ్చి శుభ్రత గురించి పాఠం చెప్పడానికి సిగ్గుండాలి. ఎనిమిది నెలల గర్భిణి మూడు అంతస్తులు బిందె మోసుకుంటూ ఎక్కుతోంది, లిఫ్టు లేదు, మెట్లకు రెయిలింగు ఊడింది, ఆమెకు శుభ్రత రాదా? ఇళ్ళు కట్టినప్పుడు మోటరు కాలిపోతుందని, ట్యాంకు నిండుతుందని తెలియదా? కట్టడానికి లక్షలు పెట్టి, నడపడానికి ఒక్క రూపాయి రాయనోడిది కాదా తప్పు? హైదరాబాద్ దగ్గర కొల్లూరు డబుల్ బెడ్రూం కాలనీ లాంటి చోట షాపులు కట్టి, ఆ కిరాయిలతో మెయింటెనెన్స్ చూద్దామనే ఆలోచనైనా చేశారు. ఇక్కడ షాపు కట్టాల్సిన జాగాలో తోరణం లేచింది.

కాకతీయులను కాపీ కొట్టడం తప్పేం కాదు. కాకపోతే వాళ్ళు రాళ్ళు నిలబెట్టడమే కాదు, రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు తవ్వించారు. ఎనిమిది వందల ఏళ్ళైనా అవి పొలాలకు పారుతున్నాయి. మన ఓవర్‌హెడ్ ట్యాంకు మాత్రం ఒక్క ఎండాకాలం దాటలేదు. కాపీ కొట్టేవాడు ఆ పేజీ ఎందుకు తిప్పలేదో మరి.

రెండో దశ పనులకు కూడా అంచనాలు తయారవుతున్నాయట. తోరణం ముందు ఫౌంటెన్ పెడతారట. దానికి నీళ్ళెక్కడివని అడిగితే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) సారు వెంటనే చెప్పారు: ట్యాంకరు మాట్లాడారట, రోజుకు రెండు ట్రిప్పులు.