దాత ఎముక అంటే అంత భయమెందుకు?

వంగిపోయిన వెన్నుకు పెద్ద వయసులో చేసే ఆపరేషన్‌లో దాత ఎముక, అంటే మరొకరి నుంచి తీసుకున్న ఎముక, వాడతారని ఒక వ్యాసంలో చదవగానే, దాని కింద చాలామంది 'అమ్మో, శవం ఎముకా!' అని రాశారు. నేను ఆపరేషన్ థియేటర్‌లో పనిచేస్తాను. అన్నిసార్లూ శవం నుంచే రాదండీ. తుంటి మార్పిడిలో తీసేసిన తొడ ఎముక తల కూడా, ఆ రోగి అనుమతితో, ఎముకల బ్యాంకుకు చేరుతుంది. ముంబై టాటా మెమోరియల్‌లో అలాంటి టిష్యూ బ్యాంకు ఉంది, గామా కిరణాలతో శుద్ధి చేస్తారు.

ఈ ఆపరేషన్‌లో పది పన్నెండు వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతకాలంటే సొంత తుంటి ఎముక చాలదు. పైగా అక్కడ కోసిన నొప్పి కొందరిని నెలల తరబడి వదలదు. అందుకే వెన్నులోంచి తొలగించిన ఎముకనే స్టీలు గిన్నెలో చిన్న ముక్కలు చేసి, దాత ముక్కలతో కలిపి, వెన్నును నిలబెట్టే లోహపు రాడ్ల పక్కన పేరుస్తారు. శుద్ధి చేసిన దాత ముక్కల్లో జీవకణాలు ఉండవు. అవి పందిరి మాత్రమే, పాకాల్సింది రోగి ఎముకే.

జీవకణాలతో అమ్మే రకం వేరే ఉంది, వ్యాసంలో ఆ ఊసే లేదు. 2021లో అమెరికాలో ఒకే దాత నుంచి తయారైన అలాంటి సరుకు వల్ల వెన్ను ఆపరేషన్ అయిన చాలామందికి టీబీ సోకింది. కాబట్టి ఏ రకమో, ఎక్కడి నుంచి తెచ్చారో సర్జన్‌ను ముందే అడగండి. సిగరెట్ అలవాటుంటే మానేయండి బాబూ, అది ఎముకను సరిగా అతకనివ్వదు, అతక్కపోతే రాడ్లు కూడా విరుగుతాయి.