ప్రాంగ్‌హార్న్ మీద మ్యాగ్నమ్: ఆ ఫార్వర్డ్‌లో నిజమెంత?

సెప్టెంబరు వచ్చిందంటే చాలు, డెన్వర్ చుట్టుపక్కల వేటకెళ్లే మన తెలుగువాళ్ల ఫోన్లలో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ఈసారి నాకు ముగ్గురు పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "వయోమింగ్, కొలరాడో మైదానాల్లో యాంటిలోప్ 500 గజాల లోపు దొరకదు. మ్యాగ్నమ్ రైఫిల్ లేకుండా వెళ్లడం దండగ. మ్యాగ్నమ్ తూటా 300 గజాల దాకా గీత గీసినట్టు పోతుంది. వేగం ఎక్కువ కాబట్టి గాలి సంగతి చూసుకోనక్కర్లేదు. జంతువును తాకేటప్పుడు 1000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలని చట్టమే చెబుతోంది. .270 తాతల కాలంది. మ్యాగ్నమ్ అయితే ఎక్కడ తగిలినా అక్కడే పడిపోతుంది."

(తెలియనివాళ్లకు: మ్యాగ్నమ్ అంటే ఎక్కువ పేలుడు మందు పట్టే బలమైన తూటా రకం. .270, .300 లాంటివి తూటా రకాల పేర్లు, ఆ అంకె సుమారుగా తూటా లావును చెబుతుంది. ఫుట్-పౌండ్ శక్తికి కొలత.) మామూలుగా ఇలాంటివి చూసి డిలీట్ చేస్తాను. కానీ ఆ ఆఖరి వాక్యం నమ్మి మావాడొకడు .300 విన్ మ్యాగ్ (విన్‌చెస్టర్ మ్యాగ్నమ్) రైఫిల్ కొన్నాడు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ 500 గజాల మాట. ఇక్కడ యాంటిలోప్ అని పిలిచేది ప్రాంగ్‌హార్న్‌ను, మైదానాల్లో తిరిగే జింకలాంటి జంతువు. దాని చూపు గొప్పది, ఒప్పుకుంటాను. కళ్లు పెద్దవి, తలకు రెండు పక్కలా ఉంటాయి. మైలు దూరంలో మనం కదిలినా పసిగట్టేస్తుంది. గంటకు 50 మైళ్లు దాటి పరుగెత్తుతుంది. ఇక్కడివాళ్లు ముద్దుగా స్పీడ్ గోట్ అంటారు. (నిజానికి అది మేకా కాదు, అసలు యాంటిలోపూ కాదు. ఉన్నవాటిలో దానికి దగ్గరి చుట్టాలు జిరాఫీ, ఒకాపీ.) అయినా ఆగస్టు, సెప్టెంబరుల్లో విల్లు పట్టుకుని వచ్చేవాళ్లు నీటి గుంటల పక్కన గుడారం వేసుకుని, 20, 30 గజాల నుంచి వీటిని కొడుతున్నారు కదా! 500 గజాల లోపు దొరకని జంతువు వాళ్లకెలా దొరుకుతోంది?

ఇంకో సంగతి. ప్రాంగ్‌హార్న్ కంచె దూకడానికి ఇష్టపడదు. కింది తీగ కాస్త ఎత్తుగా ఉన్న చోటు వెతుక్కుని, కిందినుంచి దూరి పోతుంది. ఆ చోట మట్టి అరిగి ఉంటుంది, తీగ ముళ్లకు తెల్లటి వెంట్రుకలు చిక్కుకుని ఉంటాయి. గాలి మన ముఖానికి తగిలేలా చూసుకుని, దానికి 150 గజాల దూరంలో సేజ్‌బ్రష్ పొద వెనక పొద్దున్నే పడుకుంటే సగం పని అయినట్టే. మైదానం దూరం నుంచి బల్లపరుపుగా కనిపిస్తుంది గానీ నడిస్తే తెలుస్తుంది, ప్రతి అర మైలుకీ ఒక వాగో పల్లమో ఉంటుంది. మొదటి ఏడాది నేను అలాంటి పల్లంలో 300 గజాలు మోచేతుల మీద పాకాను. నాగజెముడు ముళ్లు చొక్కా దాటి దిగాయి, రెండు రోజులు పట్టకారుతో తీసుకున్నాను. తల ఎత్తి, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌లో చూస్తే 214 గజాలు. ఆ దూరానికి ఏ క్యాలిబర్ అయినా ఒకటే.

ఇక అసలు విషయం, గీత గీసినట్టు పోవడం. ఏ తూటా అలా పోదు. బ్యారెల్ దాటిన క్షణం నుంచే కింద పడటం మొదలుపెడుతుంది. మనం స్కోప్ జీరో చేసినప్పుడు, అంటే ఒక దూరంలో గురిపెట్టిన చోటే తూటా తగిలేలా అమర్చినప్పుడు, బ్యారెల్ మూతి వెంట్రుకవాసి పైకి చూసేలా అమరుతుంది. అందుకే తూటా మన చూపు గీతను కిందినుంచి దాటి కాస్త పైకెళ్లి, మళ్లీ దిగుతుంది. ఎంత దిగుతుందన్నది గాలిలో ఎంతసేపు ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి వేగం పనికొస్తుంది, కాదనను. ఎంత పనికొస్తుందన్నదే ప్రశ్న.

నాలుగు రకాల రైఫిళ్లను 200 గజాలకు జీరో చేసి, 300 దగ్గర ఎంత కిందికి పడతాయో చూద్దాం. సెకనుకు 3,060 అడుగుల వేగంతో బయల్దేరే .270 విన్‌చెస్టర్ 130 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) తూటా ఆరు అంగుళాలు దాటి దిగుతుంది. .243 విన్‌చెస్టర్ 100 గ్రెయిన్లది ఏడు. 6.5 క్రీడ్‌మోర్ 143 గ్రెయిన్లది ఎనిమిదికి కాస్త తక్కువ. మరి మన హీరో .300 విన్ మ్యాగ్? 2,960 అడుగులతో వచ్చే 180 గ్రెయిన్ల తూటా ఏడుకు అటూ ఇటూ. అంటే ఎక్కువమంది కొనే బరువులో ఆ మ్యాగ్నమ్ .270 కన్నా చదునుగా పోవడమే లేదు! ఎందుకంటే మ్యాగ్నమ్ ఆ అదనపు మందును బరువైన తూటాను తోయడానికి వాడుతోంది, మన జింక కోసం కాదు. .257 వెదర్‌బీ లాంటివి నిజంగానే చదును, 300 దగ్గర ఐదు అంగుళాల లోపే దిగుతాయి. కానీ ఆ డబ్బాల ధర చూశాక ప్రాక్టీసుకు ఎన్ని కాలుస్తారో నాకు అనుమానమే.

ఆ మొదటి నాలుగింటి మధ్య తేడా మొత్తం కలిపి అంగుళంన్నర, రెండు అంగుళాలు. ప్రాంగ్‌హార్న్ ఊపిరితిత్తులు, గుండె ఉండే చోటు ఎనిమిది అంగుళాలు, అంటే మన టిఫిన్ ప్లేటంత. రైఫిల్‌ను వంద గజాల దగ్గర రెండున్నర అంగుళాలు పైకి తగిలేలా అమర్చుకుంటే .270 తూటా 300 గజాల దాకా మూడు అంగుళాల పైన గానీ కింద గానీ దాటి పోదు. ప్లేటు మధ్యలో గురిపెట్టి కాల్చడమే, లెక్కలేమీ వద్దు. క్రీడ్‌మోర్‌తో ఇదే పని పాతిక గజాలు ముందు ఆగిపోతుంది. ఆ పాతిక గజాలు మోకాళ్ల మీద పాకలేమా?

గాలి విషయంలో ఫార్వర్డ్ చెప్పింది శుద్ధ తప్పు. చాలామంది నమ్మేది కూడా ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. అడ్డగాలి తూటాను ఎంత నెడుతుందన్నది తూటా వేగం మీద నేరుగా ఆధారపడదు. గాలి అడ్డుపడి దాన్ని ఎంత ఆలస్యం చేసిందన్నది లెక్క. పొడుగ్గా, సన్నగా, బరువుగా ఉన్న తూటా గాలిని చీల్చుకుని వేగం నిలుపుకుంటుంది. తేలికపాటి పొట్టి తూటా మొదట్లో దూసుకెళ్లి, తర్వాత చతికిలబడుతుంది. గంటకు 10 మైళ్ల అడ్డగాలిలో, 300 గజాల దగ్గర లెక్కలు చూడండి. .22-250 సెకనుకు 3,680 అడుగులతో బయల్దేరే 55 గ్రెయిన్ల తూటాను తొమ్మిది అంగుళాలో ఇంకా ఎక్కువో పక్కకు పోనిస్తుంది. .270 ఆరు. అన్నిటికన్నా నిదానంగా బయల్దేరే క్రీడ్‌మోర్ ఐదు! అలాగని క్రీడ్‌మోర్ వాళ్లు మరీ మురిసిపోనక్కర్లేదు, తేడా అంగుళమే.

అందులో ఇంకో తిరకాసు ఉంది. దిగుడు ముందే తెలిసిన లెక్క. రేంజ్‌ఫైండర్ దూరం చెబుతుంది, రైఫిల్ చెక్కకు అంటించుకున్న చీటీ ఎన్ని అంగుళాలో చెబుతుంది, ఆ మేరకు స్కోప్ తిప్పుకుని కాలుస్తాం. గాలికి అలాంటి చీటీ లేదు. వయోమింగ్‌లో గాలి ఆగిన రోజు నేను చూడలేదు. మనం పడుకున్న చోట ఒకలా, మధ్యలో పల్లం మీద ఒకలా, అవతలి గట్టు మీద ఇంకోలా వీస్తుంది. 

నాలుగేళ్ల కిందట మ్యూల్ డీర్ పోతును 380 గజాల నుంచి కొట్టాను. నా చుట్టూ గడ్డి మెల్లగా ఊగుతోంది, ఐదు మైళ్ల గాలి అనుకున్నాను. మధ్యలో ఉన్న లోయలో దానికి మూడింతలు వీస్తోందని ట్రిగ్గర్ నొక్కాకే తెలిసింది. దిగుడు లెక్క అంగుళం కూడా తప్పలేదు. తూటా మాత్రం ఊపిరితిత్తులు వదిలేసి వెనక పొట్టలో తగిలింది. రక్తం చుక్కలు వెతుక్కుంటూ మూడు గంటలు తిరిగాను. చీకటి పడుతుంటే ఒక జూనిపర్ చెట్టు కింద దొరికింది, ఇంకా ప్రాణంతో ఉంది. ఆ కళ్లు నేను మర్చిపోలేదు. ఆ రోజు నా చేతిలో .300 ఉన్నా అదే జరిగేది. అప్పటినుంచి 300 దాటితే నాకది నేల విడిచి సాము.

చట్టం మాట త్వరగా తేల్చేద్దాం. 1000 ఫుట్-పౌండ్ల నియమం కొలరాడోలో ఉన్నది నిజమే. కానీ అది 100 గజాల దగ్గర, తయారీదారు ఇచ్చిన లెక్క ప్రకారం ఉండాల్సిన శక్తి. జంతువు నిలబడ్డ చోట కాదు. డీర్, ప్రాంగ్‌హార్న్‌లకు కనీసం .24 క్యాలిబర్, కనీసం 70 గ్రెయిన్ల బరువుండి తగిలాక విచ్చుకునే తూటా అడుగుతుంది. .243కు 100 గజాల దగ్గర 1,600 దాకా ఉంటుంది, హాయిగా పాస్. మెసేజ్ రాసినాయన వాక్యంలో సగం చదివి ఆపేసినట్టున్నాడు.

చట్టం మాట వచ్చింది కాబట్టి, మనవాళ్లకు అంతకన్నా ముఖ్యమైనది ఒకటి. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు చేతిలో ఉండటం దానికి ఒక మినహాయింపు. కాబట్టి ముందు హంటర్ ఎడ్యుకేషన్ కార్డు, తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే తుపాకీ. క్యాలిబర్ గొడవ ఆఖరున. ఈ మెసేజ్ ఇండియాలో ఉన్న మన బంధువులకూ వెళుతోంది. అక్కడ 1972 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం ఉంది, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక దాని మొదటి షెడ్యూల్లో ఉంది. అక్కడివాళ్లకు ఇది చదువుకోవడానికే.

.270 తాతల కాలందంటే అవును, 1925లో విన్‌చెస్టర్ మోడల్ 54 రైఫిల్‌తో పాటు వచ్చింది. చింత చచ్చినా పులుపు చావలేదు. ఆ లెక్కన .300 విన్ మ్యాగ్ కూడా 1963ది, అదేం కుర్రది కాదు. 6.5 క్రీడ్‌మోర్ ఒక్కటే 2007 నాటిది. దానికి వచ్చిన పేరు చదునుగా పోవడం వల్ల కాదు. పేలినప్పుడు భుజానికి చిన్న తన్నుతో, గాలిని బాగా కోసే పొడవాటి తూటాను పంపడం వల్ల.

ఇక ఆ ఆఖరి మాట, ఎక్కడ తగిలినా పడిపోతుందని. ఇది రాసినవాణ్ని ఒకసారి నాతో ఆ రక్తం చుక్కల వెంట తిప్పాలనిపిస్తుంది. తూటా జంతువును తోసి పడెయ్యదు. అంత జోరుగా తోస్తే మన భుజాన్నీ అలాగే తోసి పడెయ్యాలి కదా. ఊపిరితిత్తుల్లోంచి పోతే రక్తం కారి, మెదడుకు అందక పడిపోతుంది. పొట్టలో తగిలితే ఏ మ్యాగ్నమ్ అయినా అది పరుగెడుతుంది. పైగా బాగా ఎదిగిన మగదే 50, 60 కిలోలుండే ప్రాంగ్‌హార్న్‌ను దగ్గరి నుంచి మెత్తటి మ్యాగ్నమ్ తూటాతో భుజం మీద కొడితే, ముందు కాలి మాంసమంతా నల్లగా గడ్డకట్టి కుక్కలకు వేయడానికే మిగులుతుంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే.

అసలు నష్టం తన్నులో ఉంది. ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో క్రీడ్‌మోర్ 12, 13 ఫుట్-పౌండ్లతో తంతుంది, .270 పదిహేడు దాకా, .300 విన్ మ్యాగ్ పాతిక దాటి. మావాడు దాన్ని మొదటిసారి రేంజికి తెచ్చిన రోజు వంద గజాల దగ్గర ఐదు తూటాలు ఏడు అంగుళాల మేర చెల్లాచెదురయ్యాయి. స్కోప్ తప్పన్నాడు. "అన్నా, మౌంటు వదులైనట్టుంది" అని స్క్రూలు బిగించాడు. నేను మెగజైన్ తీసుకుని, వాడికి చూపించకుండా నిజమైన తూటాల మధ్య మందు లేని డమ్మీ ఒకటి పెట్టాను. రెండు పేలాయి. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే టిక్ మంది, అంతే. కానీ పేలని ఆ తుపాకీ మూతి దానంతట అదే రెండు వేళ్లు కిందికి కుంగింది. వాడి కళ్లు గట్టిగా మూసుకుపోయాయి, భుజం ముందుకు వచ్చింది. చుట్టూ నిశ్శబ్దం. వాడే నవ్వేశాడు.

ఆ మధ్యాహ్నం నా పాత .243 ఇచ్చాను. మొదటి పది కూడా కాస్త బెదురుతూనే కాల్చాడు. తర్వాత భుజం సర్దుకుంది. సాయంత్రానికి రెండు అంగుళాల్లో కుదిరింది. తర్వాత మూడు వారాంతాలు కింద పడుకుని, కూర్చుని, కర్రల మీద ఆనించి, రకరకాలుగా కాల్చాడు. డబ్బా .300 కన్నా చౌక కాబట్టి ఎన్ని కాల్చాడో లెక్క పెట్టుకోలేదు.

అక్టోబరులో వాడి ట్యాగు (ఒక జంతువును వేటాడే అనుమతి) ఆడ ప్రాంగ్‌హార్న్‌కు వచ్చింది. కంచె కింద దూరే చోటు ముందే చూసి పెట్టుకున్నాం. పొద్దున ఎనిమిదిన్నరకు ఐదు వచ్చాయి, నాలుగు దూరి వెళ్లిపోయాయి, ఐదోది పక్కకు తిరిగి నిలబడింది. 187 గజాలు. "ఎప్పుడు పేలిందో నాకే తెలియలేదన్నా" అన్నాడు తర్వాత. అరవై గజాలు పరుగెత్తి పడిపోయింది. ప్రాంగ్‌హార్న్ మాంసం నీచు వాసన అంటారు గానీ, వెంటనే చల్లబరచకపోవడం వల్లే చాలాసార్లు ఆ పేరు వస్తుంది. అరగంటలో చర్మం ఒలిచి, లోపల ఐసు సంచులు కుక్కి, పదింటికల్లా కూలర్లో పెట్టేశాం. ఆ ఆదివారం వాళ్లింట్లో మిరియాల వేపుడు.

.300 ఇంకా వాడి క్లోజెట్‌లోనే ఉంది. అమ్మేయనా అని అడిగాడు. ఎల్క్ లాంటి పెద్ద జంతువుకు పనికొస్తుంది, ఉంచుకో అన్నాను. అబద్ధం కాదు.