సున్నం కొట్టిన గోడకు నిమ్మకాయలు కాయవు వదినా

వారం రోజులుగా మా చుట్టాల గ్రూపుల్లో ఒకటే మెసేజ్. "ఎండ రాని పెరడా? టెన్షన్ వద్దు. దక్షిణం చూసే గోడకు ఆనించి ఏ పండు మొక్కైనా పెట్టండి. విదేశాల్లో అలాగే పెంచుతారు. గోడ వేడికి పండు తియ్యబడుతుంది. గోడకు సున్నం కొట్టి, మొక్క మొదట్లో చెంచాడు ఎప్సమ్ సాల్ట్ వేస్తే ఎండ లోటు తీరిపోతుంది." గుణుపురంలో మా వదిన అది చూసి అప్పుడే అంజూరం మొక్క, మామిడి అంటు కొనేసింది.

విదేశాల్లో పెంచుతారన్నది నిజమే. పారిస్ పక్కన మాంత్రోయ్‌లో పీచ్ చెట్లను వందల ఏళ్లు గోడలకు ఆనించి పెంచారు. అక్కడ కొరత వేడికి. పగలు కాగిన గోడ రాత్రి చలికి పూత పోకుండా కాపాడేది. అవీ ఎండ తగిలే గోడలే. మా పర్లాకిమిడిలో మే నెలలో గోడ మీద చెయ్యి వేసి చూడండి, ఇంకా వేడి కావాలేమో. ఆకు తన తిండి వండుకోవడానికి వెలుగు కావాలి, గోడ వేడి అందుకు పనికిరాదు.

ఇక దక్షిణం గోడ. మా ఊరు సుమారు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మధ్య నుంచి జూలై ఆఖరు దాకా సూర్యుడు మధ్యాహ్నం కూడా నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. ఆ రోజుల్లో దక్షిణం చూసే గోడకు నేరుగా ఎండే తగలదు. డిసెంబరులో తారుమారు. మిట్టమధ్యాహ్నం కూడా ఆరడుగుల గోడ ఉత్తరం వైపు అయిదున్నర అడుగుల నీడ పరుస్తుంది. ఎక్కడో చలిదేశపు సలహా తెచ్చి మన గోడకు అతికించారు.

సున్నం సంగతిలో సగం నిజం ఉంది. కొత్త సున్నం తన మీద పడిన వెలుగులో 80 శాతం దాకా తిప్పి పంపుతుంది. కాని నీడలో ఉన్న గోడ మీద పడేదెంత? నేరుగా పడే ఎండ లక్ష లక్స్ (వెలుగును కొలిచే లెక్క) దాకా ఉంటే ఆరుబయట నీడలో పది, ఇరవై వేలే. మన కన్ను సర్దుకుంటుంది కాబట్టి అంత తేడా తెలియదు. కొట్టాలనుంటే ఎండ పడే ఎదుటి గోడకు కొట్టండి.

ఇది నేను పెరట్లోనే నేర్చుకున్నాను. మా నిమ్మ చెట్టు ఏళ్ల తరబడి ఆకులే వేసింది. పేడ, వేపపిండి, సున్నం, చివరికి తిట్లు కూడా అయ్యాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు పక్కింటి పనస చెట్టు కూలింది, మా ప్రహరీ మీదే. గోడ పోయిందని ఏడుస్తుంటే, ఆ వేసవికి నిమ్మ విరగబూసింది. ఆ ఏడు నేను దానికి చేసింది ఏమీ లేదు.

ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. మెగ్నీషియం తక్కువైన మొక్కకు మందే. గోడ పక్క మొక్కకు లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ముందు మట్టి తవ్వి చూడండి. కూలిన గోడ మళ్లీ కట్టేటప్పుడు మా పునాది పక్కన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, సున్నపు ముద్దలు గంపలకొద్దీ వచ్చాయి. సున్నం ఎక్కువైన మట్టిలో మొక్కకు ఇనుము అందదు. దానికి ఎప్సమ్ ఏం చేస్తుంది?

"ఏ పండు మొక్కైనా" అన్నది మరీ అన్యాయం. మామిడి పూత కొమ్మ చివర్లలో వస్తుంది. గోడకు అణిగి ఉండాలని ఏటా చివర్లు కత్తిరిస్తే పూత కత్తిరించినట్టే. జామ నయం, కొత్త చిగురు మీదే పూస్తుంది. ఎండ మాత్రం దానికీ రోజుకు ఆరు గంటలు కావాలి.

వదినను అంజూరం డ్రమ్ములో పెట్టి మేడ మీదికి ఎక్కించమన్నాను. మామిడి అంటు వాళ్ల పొలం గట్టుకు. గోడ పక్కన కాస్త ఎండ, కాస్త నీడ ఉన్న చోట అనాస పెట్టుకోమన్నాను, సీతంపేట కొండల్లో చెట్ల మధ్య అది కాస్తూనే ఉంది. సంతలో పండు కొన్నప్పుడు తల పారెయ్యకుండా పాతితే చాలు. కాయ రావడానికి రెండేళ్లు పడుతుందంటే, "ఆలోపు ఇంకో మెసేజ్ వస్తుందిలే" అంది.