వేలొకటి తలిస్తే

మన కవుల్లో ద్వ్యర్థి కావ్యాలు రాసిన ఉద్దండులున్నారు. ఒకే పద్యాన్ని ఒకలా విరిస్తే ఒక కథ, ఇంకోలా విరిస్తే ఇంకో కథ. అటువంటి ప్రజ్ఞ నాకు లేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ల్యాప్‌టాప్ కొన్నాక తెలిసింది, నా కుడిచేతి చూపుడువేలు ఆ కోవకు చెందిన మహాకవి అని. అది ఒక్కసారి తడితే చాలు, టచ్‌ప్యాడ్ అందులోంచి నాలుగు అర్థాలు పిండుతుంది. నేను ఉద్దేశించిన అర్థం ఆ నాలుగింటిలో ఉండదు. ఇది కవి దోషమా, వ్యాఖ్యాత దోషమా అన్నది తేల్చడానికే ఈ వ్యాసం.

న్యాయంగా ముందు వ్యాఖ్యాత పక్షం వినాలి. వేలు ఆనిన క్షణాన దానికి ఏమీ తెలియదు, పాపం. ఆనిన వేలు అలాగే జరిగితే కర్సర్‌ను నడపడం. జరగకుండా చటుక్కున లేస్తే క్లిక్. లేచి, ఆని, మళ్లీ లేస్తే డబుల్ క్లిక్. లేచి, ఆని, లేవకుండా జరిగితే వస్తువును పట్టి లాగడం. పక్కన రెండో వేలు కూడా ఆని లేస్తే కుడి క్లిక్. ఆ రెండూ కలిసి జరిగితే స్క్రోల్. మొదటి అక్షరం చెవిన పడగానే పద్యం మొత్తానికి తాత్పర్యం చెప్పమంటే ఏ పండితుడైనా కాస్త తటపటాయిస్తాడు. టచ్‌ప్యాడూ అంతే. మొద్దుబారిందని మనం విసుక్కునే జాప్యంలో కొంత భాగం దాని ఆలోచనే. క్లిక్ అని చెప్పేయాలా, లేక ఈయన మళ్లీ వేలు పెట్టి లాగుతాడేమో చూడాలా అని అది నిలబడి ఉంటుంది. ఈలోగా మనం ఊరుకోం కదా, ఇంకోసారి తడతాం. అప్పుడు అది తలపంకించి, ఓహో, డబుల్ క్లిక్ అంటుంది.

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే కంప్యూటర్లలో ఈ వ్యాఖ్యానం చేసే సాఫ్ట్‌వేర్ పేరు లిబ్‌ఇన్‌పుట్. వేలు ఆని లేవడానికి అది పెట్టిన గడువు 180 మిల్లీసెకన్లు. ఆలోగా లేస్తే తట్టినట్లు, దాటితే తట్టనట్లు. సెకనులో అయిదో వంతు కూడా లేని ఆ గడువులో వేలు ఇసుమంత పక్కకు జరిగినా తట్టడం చెల్లదు. నిద్రమొహంతో, రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు, తుమ్ము రాబోతున్నప్పుడు కూడా ఈ నియమంలో సడలింపు లేదు. అయితే ఒక నిజం ఒప్పుకోవాలి. తట్టి క్లిక్ చేసే సదుపాయాన్ని ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా ఆపేసే ఉంచుతుంది, కావలసినవారు ఆన్ చేసుకోవాలి. ఆ సంగతి తెలియనివారికి ఎక్కడపడితే అక్కడ క్లిక్కులు పడి గందరగోళమవుతుందని తయారీదారుల వాదన. తెలిసినవారికి గందరగోళం ఉండదని వారికి ఎవరు చెప్పారో.

పట్టి లాగడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా జీవితంలో ఎక్కువ నష్టం అక్కడే జరిగింది. మొన్న ఒక ఫైలును 'పూర్తయినవి' అనే ఫోల్డర్‌లోకి చేర్చబోయాను. తట్టాను, మళ్లీ ఆనించాను, లాగాను. ఫైలు బుద్ధిగా నా వెంట వచ్చింది. సగం దారిలో ప్యాడ్ అంచు వచ్చేసింది. ఫోల్డర్ ఇంకా నాలుగు వేళ్ల దూరంలో ఉంది. వేలు ఎత్తితే ఫైలును వదిలినట్లు. ఎత్తకపోతే ముందుకు దారి లేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్న మాటకు కంప్యూటర్ శాస్త్రంలో ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. వేలిని అంచున కుక్కి, గోటి మీదికి మళ్లించి, మణికట్టు తిప్పి, ఇంకో రెండు మిల్లీమీటర్లు సాధించాను. తరువాత వేలు దానంతటదే లేచింది. దారిలో ఉన్న ఏదో ఒక ఫోల్డర్ గుటుక్కున ఫైలును మింగింది. ఏ ఫోల్డరో తెలుసుకుందామని చూసేసరికి అన్నీ ఏమీ ఎరగనట్లు వరుసగా కూర్చుని ఉన్నాయి.

మౌస్‌కు ఈ పాండిత్యం లేదు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం 1960లలో చేసిన తొలి మౌస్ ఒక కొయ్యపెట్టె. 1968 డిసెంబరులో ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో మౌస్‌ను జనం ముందు ప్రదర్శించారు. మీట నొక్కితే నొక్కినట్లు, నొక్కకపోతే నొక్కనట్లు. ఎంత మొరటు. ఆ మొరటుతనం నుంచి మానవజాతిని ఉద్ధరించే పని తరువాతివారు చేపట్టారు. జార్జ్ గెర్ఫైడ్ 1988లో టచ్‌ప్యాడ్‌ను రూపొందించారు. 1994లో ఆపిల్ పవర్‌బుక్ 500 శ్రేణిలో అది కీబోర్డు కిందికి వచ్చి స్థిరపడింది. ఈ రంగంలో పెద్దపేరైన సినాప్టిక్స్ సంస్థను 1986లో కార్వర్ మీడ్‌తో కలిసి స్థాపించిన ఫెడరికో ఫాగిన్ సామాన్యుడు కాడు. 1971 నాటి ఇంటెల్ 4004 మైక్రోప్రాసెసర్, అంటే ఒకే చిప్పులో ఇమిడిన కంప్యూటర్ మెదడు, రూపకల్పనకు నాయకత్వం వహించిన మనిషి. మెదడులోని నాడీజాలాన్ని చిప్పులలో అనుకరించాలన్న పరిశోధనతో ఆ సంస్థ మొదలై, టచ్‌ప్యాడ్ల దగ్గర తేలింది. కాబట్టి నా ల్యాప్‌టాప్‌లో ఉన్న ఆ నల్లటి పలక ఆలోచిస్తుందని నేనంటే నవ్వకండి. దాని వంశంలోనే ఉంది.

మొదట్లో ప్యాడ్ కింద రెండు మీటలైనా ఉండేవి. వ్యాఖ్యానంతో విసిగిపోయినవాళ్లు బొటనవేలితో మీట నొక్కి తమ మాట సూటిగా చెప్పుకునేవారు. 2008లో ఆపిల్ తన మ్యాక్‌బుక్‌లలో విడి మీటను తీసేసి, ప్యాడ్ మొత్తమే మీట అంది. మిగిలినవారూ ఆ దారి పట్టారు. ఆ తరహా ప్యాడ్లలో చాలావాటికి బందు పైఅంచున ఉంటుంది, అందువల్ల కింద నొక్కితే దిగుతుంది, పైన నొక్కితే దిగదు. 2015లో మరో మెట్టు ఎక్కారు. కొత్త ప్యాడ్ అసలు దిగదు. లోపలి విద్యుదయస్కాంతం చిన్నగా అదిరి, దిగినట్లు వేలిని నమ్మిస్తుంది. యంత్రం ఆపేసి నొక్కి చూస్తే తెలుస్తుంది, చడీచప్పుడూ లేని గాజుపలక. క్లిక్ మిథ్య అని అంత సులువుగా బోధపరిచిన వేదాంతి ఇంకొకరు లేరు.

ఇక కోపం విషయం. తట్టినా పలకనప్పుడు గట్టిగా తట్టడం మనిషి సహజగుణం. తలుపు దగ్గర పనికొచ్చే ఆ గుణం ఇక్కడ పనికిరాదు. తట్టినప్పుడు ప్యాడ్ చూసేది మన బలాన్ని కాదు, వేలు దగ్గరకు రాగానే పలక కింది తీగల వలలో మారే విద్యుత్ ధారణను, అంటే విద్యుదావేశాన్ని పట్టి ఉంచే శక్తిని. ఒత్తిన కొద్దీ వేలికొన చదునై, ఆనిన మేర పెరిగి, దాని కేంద్రం కాస్త పక్కకు జరుగుతుంది. అంటే కోపంతో పొడిచిన పోటు తట్టినట్లు కాక జరిపినట్లు కనబడే అవకాశం ఎక్కువ. మర్యాదగా అడిగితే వినదు, గద్దిస్తే అపార్థం చేసుకుంటుంది. వేలికి తడి ఉంటే ఒక వేలు రెండు వేళ్లలా కనబడవచ్చు. మామూలు తొడుగు వేసుకుంటే వేలే లేనట్లు. ఎర్త్ సరిగా లేని చార్జర్ తగిలిస్తే కర్సర్ పూనకం వచ్చినట్లు ఊగడమూ ఉంది. ఆ స్థితిలో చార్జర్ పీకితే కర్సర్ శాంతిస్తుంది, కాసేపటికి ల్యాప్‌టాప్ కూడా శాశ్వతంగా శాంతిస్తుంది.

(ఒక్క మాట వ్యంగ్యం పక్కన పెట్టి చెబుతాను. నిన్నటిదాకా బాగా నొక్కుకున్న ప్యాడ్ ఉన్నట్టుండి బిగుసుకుపోయినా, అంచు పైకి లేచినా, తిట్టడం ఆపి ల్యాప్‌టాప్‌ను ఆపేయండి. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్యాడ్ కింద ఉండేది బ్యాటరీ. అది లోపల వాయువు చేరి ఉబ్బితే ప్యాడ్‌ను కిందినుంచి తోస్తుంది. దాన్ని అదిమి సరిచేయబోవద్దు, చార్జింగ్ పెట్టవద్దు. తెలిసినవారి చేత తీయించండి.)

చూపుడువేలు సంగతి ఇలా ఉంటే, అరచేయి సంగతి మరీ ఘోరం. తట్టినా పలకని ఈ పలక, తట్టని చోట మహా చురుకు. టైపు చేస్తుండగా బొటనవేలి మూలం అలా తగిలీ తగలనట్లు తగిలితే చాలు, అది స్పష్టమైన, సందేహాతీతమైన, గడువుకు లోబడిన క్లిక్ అవుతుంది. కర్సర్ మూడు వాక్యాలు వెనక్కి దూకుతుంది. నా చూపు కీబోర్డు మీద ఉంటుంది కాబట్టి నాకు తెలియదు. ఒక పెద్దమనిషికి 'మీరు పంపిన వివరాలు అందాయి. కృతజ్ఞతలు' అని రాశాననుకున్నాను. ఆయనకు అందింది ఇది: 'మీరు పంకృతజ్ఞతలుపిన వివరాలు అందాయి.' ఆయన నుంచి ఇంతవరకు జవాబు లేదు. దాన్ని కొత్తరకం సంధిగా భావించి సూత్రం వెతుకుతున్నారేమో.

దీనికి మందు లేకపోలేదు. టైపు చేస్తున్నంతసేపూ ప్యాడ్‌ను చెవిటిదాన్ని చేసే ఏర్పాటు చాలా యంత్రాల్లో ఉంది. విండోస్ సెట్టింగుల్లో ప్యాడ్ సున్నితత్వానికి నాలుగు మెట్లు ఉంటాయి, అత్యధికం నుంచి తక్కువ దాకా. చాలామంది అది కర్సర్ వేగమనుకుంటారు. నిజానికి అది అనుమానం పాలు. తగిలిన ప్రతిదాన్నీ తట్టినట్లు నమ్మాలా, లేక ఇది పొరపాటున తగిలిందేమోనని శంకించాలా అన్నది అక్కడ తేలుతుంది. అనుమానం పెంచితే అరచేతి బెడద తగ్గి, వేలు చెప్పే నిజం కూడా అబద్ధమైపోతుంది. తగ్గిస్తే మళ్లీ 'పంకృతజ్ఞతలుపిన'. నాలుగు మెట్లూ ఎక్కి దిగాను. నాకు కావలసింది రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్య ఎక్కడో ఉంది, అక్కడ కాలు పెట్టే చోటు లేదు.

మూడువేళ్ల, నాలుగువేళ్ల విద్యల జోలికి నేను పోను. అవే నా జోలికి వస్తాయి. విండోస్‌లో మూడువేళ్లు కిందికి లాగితే తెరిచినవన్నీ మాయమై ఖాళీ తెర మిగులుతుంది. ఒక ముఖ్యమైన వీడియో సమావేశంలో, నా వంతు వచ్చి మాట్లాడబోతూ మైకు తెరవడానికి చేయి చాచాను. ఎన్ని వేళ్లు తగిలాయో నాకు తెలియదు. సమావేశం మొత్తం జారిపోయి నా తెర మీద నేపథ్య చిత్రం ఒక్కటే మిగిలింది, కొండలు, సూర్యోదయం. వెనకనుంచి మాత్రం 'మీరు వినిపించడం లేదండీ' అనే గొంతు వస్తూనే ఉంది.

చివరికి బాగుచేసే ఆయనకు చూపించాను. లక్షణాలన్నీ రోగి బంధువులా వరుసగా చెప్పాను. ఆయన విని, ఒక వేలు చాచి, ప్యాడ్ మీద ఈక వాలినట్లు ఒక్కసారి తట్టారు. ఫైలు తెరుచుకుంది. ఇంకోసారి తట్టారు. మూసుకుంది. పట్టి లాగారు. గీత గీసినట్లు వెళ్లి ఫోల్డర్‌లో పడింది.

"బాగానే ఉంది కదా సార్?"

"నేను తడితే పలకదండీ."

"ఏదీ, ఒకసారి తట్టండి."

తట్టాను. కుడి క్లిక్ పట్టిక తెరుచుకుంది. ఆయన నా వేలి వంక చూశారు, ప్యాడ్ వంక చూడలేదు. "కొంచెం అలవాటు కావాలి సార్" అన్నారు. మూడేళ్లుగా వాడుతున్నానని చెప్పబోయి ఊరుకున్నాను.

ఇంటికి వచ్చి, తట్టి క్లిక్ చేసే ఈ సదుపాయాన్నే ఆపేద్దామని సెట్టింగులు తెరిచాను. ఆపే స్విచ్ చక్కగా కనిపించింది. కర్సర్‌ను దాని మీదికి నడిపి తట్టాను. చలనం లేదు. ఒక్క క్షణం ఆగి మళ్లీ తట్టాను. అప్పుడు రెండూ ఒకదాని వెనక ఒకటి అందాయి. స్విచ్ ఆరింది, వెలిగింది. మూడేళ్లలో నా వేలు చెప్పిన మాటను అది అక్షరం పొల్లుపోకుండా విన్నది ఆ రెండుసార్లే.