డిగ్రీ పిల్లలందరికీ ఏడాది మిలిటరీ ట్రైనింగ్ పెట్టాలా? ఆ మెసేజ్‌కు నా జవాబు

అనంతపురంలో కాలేజీ పిల్లలున్న ఇళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక పొడవాటి మెసేజ్ తిరుగుతోంది. మా కాలనీ పెద్దలు పంపారు, మా బంధువులు పంపారు, నా దగ్గర చదువుకుని ఉద్యోగాల్లో చేరినవాళ్లూ పంపారు. సారాంశం ఇది: ఇప్పటి పిల్లలకు దేశమంటే బాధ్యత లేదు. ఇజ్రాయెల్‌లో, దక్షిణ కొరియాలో ఉన్నట్టు మన దగ్గర కూడా డిగ్రీ చదివే ప్రతి అబ్బాయికీ ఏడాది మిలిటరీ ట్రైనింగ్ తప్పనిసరి చేయాలి. మన నాయకులకు ఆ ధైర్యం ఏనాడూ లేదు. జాతీయ సేవ తప్పనిసరి అని రాజ్యాంగంలోనే రాసి ఉంది కాబట్టి చేయనివాడికి డిగ్రీ పట్టా ఇవ్వకూడదు. ఎన్‌ఎస్‌ఎస్ (కాలేజీ పిల్లలతో ఊళ్లలో సేవ చేయించే నేషనల్ సర్వీస్ స్కీమ్) అంటే చీపుర్లు పట్టుకుని ఫోటోలు దిగడమే, దాన్ని ఎత్తేయాలి. ఆడపిల్లలకు ఇవేవీ అక్కర్లేదు.

పంపినవాళ్ల మనసు నాకు తెలుసు. పిల్లలు ఫోన్లలో పడి పాడైపోతున్నారన్న దిగులు అది. నేను చాలా ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను, కొంతకాలం ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసరుగానూ పనిచేశాను. ఆ దిగులు నాకూ ఉంది. కానీ ఈ మెసేజ్‌లోని ఒక్కో మాటనూ విడిగా పట్టి చూస్తే నిలబడేవి తక్కువ.

ముందు ఇజ్రాయెల్, కొరియా సంగతి. దక్షిణ కొరియాలో మగపిల్లలు సైన్యంలో ఏడాదిన్నర పనిచేయాలి. ఇజ్రాయెల్‌లో అంతకంటే ఎక్కువ కాలం, పైగా అక్కడ ఆడపిల్లలు కూడా చేయాలి. ఈ సంగతి మెసేజ్ రాసినాయన చెప్పలేదు. ఆ దేశాలు ఈ పద్ధతి పెట్టుకున్నది పిల్లలకు క్రమశిక్షణ నేర్పడానికి కాదు, సరిహద్దు కాయడానికి మనుషులు చాలక. కొరియా యుద్ధం 1953లో కాల్పుల విరమణతో ఆగిందే తప్ప శాంతి ఒప్పందం ఇప్పటికీ లేదు. దక్షిణ కొరియా జనాభా సుమారు 5 కోట్లు, అంటే దాదాపు మన ఆంధ్రప్రదేశ్ అంత. మన దేశంలో 2021-22 లెక్కల ప్రకారం ఉన్నత చదువుల్లో ఉన్నవాళ్లే 4.33 కోట్ల మంది. ఆడపిల్లలను పక్కన పెట్టి ఏడాదికి ఒక బ్యాచ్‌నే తీసుకున్నా అర కోటి దాటుతుంది. మన త్రివిధ దళాల్లో ఉన్నది సుమారు 14 లక్షల మంది. సరిహద్దు కాయాల్సిన సైన్యం ఆ పని మానుకుని, తనకు ఎన్నో రెట్లున్న కుర్రాళ్లకు ప్రతి ఏడాదీ కొత్తగా లెఫ్ట్ రైట్ నేర్పుతూ కూర్చోవాలా? ఖర్చు సంగతి సరే, నేర్పే మనుషులెక్కడి నుంచి వస్తారు?

"మన నాయకులకు ఆ ధైర్యం ఏనాడూ లేదు" అనేది పచ్చి అబద్ధం. మన దేశం ఈ పని చేసి చూసింది. విద్యార్థులకు సైనిక శిక్షణ ఇచ్చే ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్) 1948లో చట్టం ద్వారా ఏర్పడింది. 1962లో చైనాతో యుద్ధం తర్వాత, 1963లో కాలేజీ విద్యార్థులకు ఎన్‌సీసీని తప్పనిసరి చేశారు. ఇప్పుడు డెబ్బై ఎనభై ఏళ్ల వయసులో ఉండి అప్పట్లో కాలేజీకి వెళ్లినవాళ్లు మీ ఇంట్లో ఉంటే అడగండి, ఖాకీ బట్టల సంగతి వాళ్లే చెబుతారు. 1968లో మళ్లీ ఇష్టమున్నవాళ్లకే అని మార్చేశారు. క్యాడెట్ల సంఖ్య ఒక్కసారిగా పెరిగినంత వేగంగా అధికారులు, శిక్షకులు, సరంజామా పెరగవు కదా. చేయాలని లేనివాణ్ణి వరసలో నిలబెడితే వాడూ నేర్చుకోడు, పక్కవాణ్ణీ నేర్చుకోనివ్వడు. అందుకే 1967లో విద్యామంత్రులు, వైస్ ఛాన్సలర్లు కూర్చుని మాట్లాడి, ఎన్‌సీసీని ఇష్టమున్నవాళ్లకు వదిలి, దానికి తోడు ఊళ్లలో సేవ చేసే కొత్త పథకం ఒకటి కావాలన్నారు. గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబర్ 24న, అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 యూనివర్సిటీల్లో దాన్ని మొదలుపెట్టారు. అదే ఎన్‌ఎస్‌ఎస్. మెసేజ్ ఎత్తేయమంటున్నది దీన్నే. నిర్బంధాన్ని అయిదేళ్లు నడిపి చూసి, పనికిరాదని తేల్చుకున్నాక పుట్టిన పథకం ఇది.

ఇక రాజ్యాంగం. ఇందులో సగం నిజం ఉంది, కాబట్టే జనం నమ్ముతున్నారు. 51ఎ అధికరణంలోని ప్రాథమిక విధుల్లో, దేశాన్ని రక్షించడం, పిలుపు వచ్చినప్పుడు జాతీయ సేవ చేయడం అన్నది ఒకటి. 1976లో 42వ సవరణతో ఈ విధులను చేర్చారు. అప్పుడు పది, 2002లో 86వ సవరణతో పదకొండయ్యాయి. ఆ పదకొండోది ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను చదివించడం తల్లిదండ్రుల విధి అని చెబుతుంది, అంటే మెసేజ్ పంపే మన మీదే ఉన్న బాధ్యత. ఇక్కడ గమనించాల్సింది "పిలుపు వచ్చినప్పుడు" అన్న మాట. ప్రాథమిక విధి పాటించలేదని ఎవరి మీదా నేరుగా కేసు వేయడం కుదరదు, దానికి విడిగా చట్టం ఉండాలి. ప్రజా ప్రయోజనం కోసం నిర్బంధ సేవ పెట్టే అధికారాన్ని 23వ అధికరణం ప్రభుత్వానికి ఇచ్చిన మాట నిజం. అయితే మతం, జాతి, కులం, వర్గం చూసి తేడా చేయకూడదని అక్కడే రాసి ఉంది. అధికారం ఉండటం వేరు, విధి ఇప్పటికే అమల్లో ఉందనడం వేరు. పట్టా ఆపాలన్న మాటకు ఆధారం రాజ్యాంగంలో ఎక్కడా లేదు.

చీపుర్లు, ఫోటోల మాట దగ్గర కాసేపు ఆగుతాను. నన్ను బాధపెట్టింది ఈ మాటే, పూర్తిగా కొట్టిపారేయలేనిదీ ఇదే. కొన్ని కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్ నిజంగానే అలా నడుస్తోంది. అక్టోబర్ 2 రాగానే గేటు దగ్గర ఊడవడం, బ్యానర్ కట్టడం, పేపర్‌కు ఫోటో పంపడం, అంతటితో సరి. కానీ పథకం చెప్పేది అది కాదు. వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, ఏడాదికి 120 చొప్పున. కాలేజీ ఒక ఊరిని దత్తత తీసుకోవాలి. ఆ ఊళ్లో ఏడు రోజులు ఉండి ప్రత్యేక శిబిరం నడపాలి.

సరిగ్గా నడిచిన శిబిరం ఎలా ఉంటుందో చెబుతాను. బడి గదుల్లో పడక. పొద్దున్నే చెరువుకు నీళ్లు తెచ్చే వంకలో జాలి కంప కొట్టడం. మన జిల్లా దేశంలోనే తక్కువ వానలు పడేచోట్లలో ఒకటి. పడిన నాలుగు చినుకులైనా చెరువు చేరాలంటే ఆ వంక బాగుండాలి. కంప కొట్టేటప్పుడు ముల్లు దిగని చెయ్యి ఉండదు. మధ్యాహ్నం తర్వాత ఇద్దరిద్దరుగా ఇంటింటికీ వెళ్లి సర్వే. ఒక శిబిరంలో మా కుర్రాడొకడు సర్వే కాగితం నింపుతూ ఒక అవ్వ దగ్గర ఆగిపోయాడు. ఆమెకు పింఛను ఆగి చాలా నెలలైంది. "యాడికి పోయినా రేపు రాపో అంటాండారు నాయనా" అంది. వాడు ఆమె కాగితాలన్నీ మంచం మీద పరిచి చూశాడు. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు. ఇంటిపేరులో ఒక అక్షరం తేడా, వయసులో నాలుగేళ్ల తేడా. మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని గ్రామ సచివాలయానికి వెళ్లి డిజిటల్ అసిస్టెంటు దగ్గర కూర్చున్నాడు. అక్కడ కాని పనికి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇప్పించాడు. అర్జీ రసీదు నంబరు అవ్వ ఇంటి తలుపు మీద చాక్‌పీసుతో రాసి వచ్చాడు, కాగితమైతే పోగొట్టుకుంటుందని. ఎకనామిక్స్ పేపర్లో సంక్షేమ రాజ్యం అన్న ప్రశ్నకు వాడు అంతకు ముందు రాసిన జవాబులు నేను దిద్దాను. తర్వాత రాసినవీ దిద్దాను. పొంతనే లేదు.

ఈ పని ఏ పరేడ్ గ్రౌండ్‌లోనూ నేర్పరు. ఎన్‌సీసీ గొప్పతనాన్ని తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. డ్రిల్లు, ఫైరింగ్, మ్యాప్ రీడింగ్ నేర్చుకుని సి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లకు సైన్యంలో అధికారిగా చేరడానికి రాతపరీక్ష లేని దారి కూడా ఉంది. ఇష్టపడి చేరిన మా పిల్లలు తెల్లవారకముందే గ్రౌండ్‌కు వచ్చేవారు. ఇష్టపడి చేరారు కాబట్టే వచ్చేవారు.

నిర్బంధం పెడితే ఏమవుతుందో ఊహించాల్సిన పని కూడా లేదు. మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ అని 180 గంటలది ఇప్పటికే తప్పనిసరి. ఆలోచన మంచిదే, మనసుపెట్టి చేసినవాళ్లూ ఉన్నారు. కానీ నేను చూసిన రికార్డుల్లో చాలావాటి తీరు వేరు. యాభై కుటుంబాల సర్వే పత్రాలు, అన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో. మరుగుదొడ్డి ఉందా అంటే అందరికీ ఉంది. తాగునీటికి ఇబ్బంది ఉందా అంటే ఎవరికీ లేదు. అనంతపురం జిల్లాలో నీళ్ల ఇబ్బంది లేని యాభై కుటుంబాలు వరసగా దొరికాయంటే ఆ పిల్లలు హాస్టల్ గది దాటలేదన్నమాట. జిరాక్స్ షాపులో రెడీమేడ్ రిపోర్టు కొని, పేరు మార్చి ఇచ్చినవాళ్లూ తగిలారు. పిల్లల తప్పు ఉంది, కాదనను. వంద మందిని ఊళ్లోకి పంపి, వాళ్ల వెంట వెళ్లే లెక్చరర్‌కు క్లాసుల భారం తగ్గించకపోతే ఇంతకంటే ఏం జరుగుతుంది? ఏడాది మిలిటరీ ట్రైనింగ్‌కూ ఇదే గతి పడుతుంది. దొంగ రికార్డుల బదులు దొంగ మెడికల్ సర్టిఫికెట్లు వస్తాయి, అంతే. వాటిని కొనగలిగేది ఎవరి పిల్లలో మనకు తెలియంది కాదు.

మెసేజ్ రాసినాయనకు అసలు తట్టని సంగతి ఇంకొకటి ఉంది. మా క్లాసులో కూర్చునే అబ్బాయిల్లో చాలామంది సాయంత్రాలు బట్టల షాపులోనో, మెడికల్ షాపులోనో పనిచేస్తారు. సెలవుల్లో బేల్దారి పనికి పోతారు. శెనక్కాయ పీకే రోజుల్లో సగం బెంచీలు ఖాళీ. డిగ్రీ చేతికి రాగానే బెంగళూరు బస్సెక్కి ఇంటికి డబ్బు పంపితే తప్ప చెల్లెలి ఫీజు కట్టలేని పిల్లలు వీళ్లు. వీళ్ల బతుకులోంచి ఏడాది తీసేసుకుంటే ఆ ఏడాది కూలీ ఎవరిస్తారు? దేశసేవ పేరుతో బరువంతా పేదవాడి ఇంటి మీద పడుతుంది.

"పిల్లలకు బాధ్యత లేదు" అన్న మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. 2009 అక్టోబర్‌లో కర్నూలు మునిగినప్పుడు, నీళ్లు తీశాక ఇళ్లనిండా బురదే. 2021 నవంబర్‌లో అన్నమయ్య డ్యామ్ కట్ట తెగి చెయ్యేరు ఊళ్లమీద పడినప్పుడూ అంతే. అలాంటి రోజుల్లో పారలు పట్టినవాళ్లలో, అన్నం పొట్లాలు మోసినవాళ్లలో కాలేజీ వయసు పిల్లలు లేరని ఎవరైనా అనగలరా? అర్ధరాత్రి ఆసుపత్రిలో రక్తం కావాలని గ్రూపులో పెడితే ముందుగా "వస్తున్నా" అనేది ఎవరు? పద్దెనిమిదేళ్లు నిండి, బరువు 45 కిలోలకు తగ్గకుండా ఉన్న మా పిల్లలే.

వాళ్లకు లోటున్నది పని తెలియడంలో. ఓటరు జాబితాలో పేరు చేర్చుకోవడానికి ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయని ఫైనలియర్ పిల్లల్లో కూడా చాలామందికి తెలియదు. సమాచార హక్కు కింద అర్జీ రాస్తే 30 రోజుల్లో జవాబివ్వాలని తెలియదు. గ్రామసభ ఎప్పుడు జరుగుతుందో, అందులో తామూ మాట్లాడవచ్చో లేదో తెలియదు. పక్కన మనిషి గుండె ఆగి పడిపోతే ఛాతీ మీద చేతులు ఎక్కడ పెట్టి నొక్కాలో తెలియదు. ఇవన్నీ 240 గంటల్లో శుభ్రంగా నేర్పవచ్చు, తుపాకీ అక్కర్లేదు. ఒకే ఊరిని ఏటా మార్చకుండా నాలుగైదేళ్లు పట్టుకోవాలి, ప్రోగ్రాం ఆఫీసరుకు క్లాసులు తగ్గించాలి, శిబిరం డబ్బు శిబిరానికి ముందే చేతికి రావాలి. మెసేజ్‌లు పంపే ఓపిక ఉన్న పెద్దలు ఈ మూడింటి కోసం కాలేజీలను, యూనివర్సిటీని అడిగితే మా లాంటివాళ్లకు ఎంత బలమో.

ఆడపిల్లలకు అక్కర్లేదన్న చివరి మాట నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది. మా శిబిరాల్లో ఇంటి లోపలి సంగతులన్నీ రాసుకొచ్చింది అమ్మాయిలే. మగపిల్లలకు అరుగు దగ్గరే మాట అయిపోతుంది. అమ్మాయిలు వంటింట్లో కూర్చుని, గర్భిణికి ఐరన్ మాత్రలు అందుతున్నాయా, అందినా మింగుతోందా, బడి మానేసిన పిల్లకు పెళ్లి సంబంధాలు చూస్తున్నారా అని తెలుసుకుని వచ్చేవాళ్లు. పదో తరగతి చదివే పిల్ల పెళ్లి మాటలు మా అమ్మాయిల వల్లే అంగన్‌వాడీ టీచరు చెవిన పడ్డాయి, ఆ పెళ్లి ఆగింది. ఎన్‌సీసీలోనూ కాలేజీ అమ్మాయిలకు సీనియర్ వింగ్ అనే విభాగం ఉంది. ఏడు రోజుల శిబిరానికి కూతుర్ని పంపాలంటే అమ్మానాన్నలకు టెన్షన్ ఉంటుంది, అది సహజం. అమ్మాయిలు ఏ గదిలో పడుకుంటారు, రాత్రి వాళ్లతో ఏ మేడం ఉంటారు, స్నానాలకు ఏర్పాటేమిటి అని ప్రోగ్రాం ఆఫీసరును నేరుగా అడగండి. వీలైతే ఒక పూట వచ్చి చూసుకోండి. మా శిబిరాలకు అలా వచ్చిన తల్లులు కొందరు సాయంత్రం దాకా ఉండి, రాత్రి వంటకు కూరగాయలు తరిగిచ్చి మరీ వెళ్లారు.