కాఫీ ఇవ్వకముందే ఎత్తు అడిగారు

ఇప్పుడే గ్రౌండ్ నుంచి వచ్చాను. బూట్ల బురద కూడా కడగలేదు. గరాజ్‌లో బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని టైప్ చేస్తున్నాను. లోపలికి వెళితే మా ఆవిడ ఏమైందని అడుగుతుంది. చెబితే ఇద్దరం కలిసి అరుస్తాం. వాడికి వినపడుతుంది. అందుకే మీ మీద పడ్డాను, భరించండి.

విషయం చాలా చిన్నది. ఇవాళ సాయంత్రం మా ఏరియా కుర్రాళ్ళ జట్టుకు సెలక్షన్స్. ఫుటీకి, అంటే ఇక్కడి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌కి. (గుంటూరు బ్యాచ్ మళ్ళీ "మెస్సీ ఆడేదేనా మామా" అని కామెంట్ పెట్టకండి. కాదు. కోడిగుడ్డు ఆకారం బంతి, జట్టుకు పద్దెనిమిది మంది, క్రికెట్ గ్రౌండంత మైదానం. బంతిని చేత్తో విసరకూడదు, పిడికిలితో గుద్దాలి. ఏటా చెబుతూనే ఉన్నాను, ఏటా అడుగుతూనే ఉన్నారు.)

పిల్లలందరినీ క్లబ్ రూమ్ గోడకు వరసగా నిలబెట్టారు. గోడకు టేపు అంటించి ఉంది. క్లిప్‌బోర్డ్ పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఒక్కొక్కడి నెత్తి మీద స్కేలు పెట్టి రాసుకుంటున్నాడు. మా వాడు 158 సెంటీమీటర్లు. ఆయన అది రాసుకుని తలెత్తి నన్ను చూశాడు. మొహం కాదు, పైనుంచి కిందిదాకా.

"డాడ్, నీ హైట్ ఎంత?"

167 అన్నాను. నిజానికి 165న్నర. కంగారులో ఒకటిన్నర కలిసిపోయింది.

"మమ్?"

152.

"రైట్," అన్నాడు. ఈ దేశంలో పదహారేళ్ళుగా ఉంటున్నాను, ఏ రైట్‌కి ఏ అర్థమో నాకు తెలుసు. కాగితం మీద ఏదో గుండ్రంగా చుట్టి, నెక్స్ట్ అన్నాడు. అప్పటికి మా వాడు బంతి ముట్టుకోలేదండీ. బంతులు ఇంకా సంచిలోనే ఉన్నాయి.

మా అక్క పెళ్ళిచూపులకు వచ్చిన వాళ్ళు కూడా కాఫీ తాగి, రెండు జంతికలు నమిలి, ఆ తర్వాతే "అమ్మాయి ఎత్తెంతండీ" అన్నారు. వీళ్ళకు ఆ మర్యాద కూడా లేదు. (ఆ పెళ్ళిచూపుల సంగతి మళ్ళీ వస్తుంది, ఆగండి.)

పశువుల సంతలో మా తాత ఎద్దును కొనడం చూశాను. పళ్ళు చూసేవాడు, మూపురం చూసేవాడు, గంగడోలు పట్టుకు చూసేవాడు. సుడి ఎక్కడుందో కూడా చూసేవాడు. సుడి బాగోకపోతే గిత్త ఎంత దిట్టంగా ఉన్నా ముట్టుకోని రైతులుండేవాళ్ళు. కానీ అదే సంక్రాంతికి బండలాగుడు పందెం పెడితే సుడి ఎవడూ అడగడు. ఇచ్చిన టైములో ఎన్నడుగులు లాగింది? అంతే లెక్క. పలుపుతాళ్ళు పట్టుకుని తిరిగే వాళ్ళకు తెలిసిన ముక్క క్లిప్‌బోర్డ్ వాళ్ళకు తెలియదు.

అసలు ఈ జబ్బు ఈ చిన్న గ్రౌండ్‌లో పుట్టింది కాదు, పైనుంచి కారుతోంది. ఇది నవంబరు కదా, ఏఎఫ్ఎల్ (ఇక్కడి పెద్ద ఫుటీ లీగ్) డ్రాఫ్ట్ సీజన్. పద్దెనిమిది క్లబ్బులు వరస పెట్టి పద్దెనిమిదేళ్ళ పిల్లల్ని ఎంచుకుంటాయి, పట్టికలో అట్టడుగున ఉన్నవాడికి మొదటి ఛాన్స్. దానికి నెల ముందు నుంచీ నా ఫోన్ నిండా ఫాంటమ్ డ్రాఫ్ట్‌లే. ఎవడు ఏ నంబరుకు పోతాడో జోస్యాలు. మన పంచాంగ శ్రవణంలో ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం ఉన్నట్టు వీళ్ళకు "అప్‌సైడ్" (ఇంకెంత పెరగొచ్చు) ఉంటుంది, "సీలింగ్" (ఎంత పెరిగినా ఎక్కడ ఆగుతాడు) ఉంటుంది. పొడుగ్గా ఉండి బంతి పట్టడం రానివాడు "ప్రాజెక్ట్". పొట్టిగా ఉండి అన్నీ వచ్చినవాడు మాత్రం "కానీ". అవునండీ, ఆ మాటతోనే మొదలుపెడతారు. "కానీ హైట్..."

20 మీటర్ల పరుగు సెకనులో నూరో వంతు దాకా కొలుస్తారు. 2 కిలోమీటర్లు పరిగెత్తిస్తారు. నిలబడి ఎంత ఎగురుతాడు, పరిగెత్తుకొచ్చి ఎంత ఎగురుతాడు. కర్రల మధ్య వంకర్లు తిప్పుతారు. కొలవండి, కాదన్లేదు. నలుగురు మీద పడుతున్నప్పుడు బంతి ఎవడికివ్వాలో అర సెకనులో తేల్చుకునే బుర్రను ఏ టేపుతో కొలుస్తారో అది చెప్పండి.

కేలబ్ డేనియల్. ఈ పేరు మా ఇంట్లో దేవుడి పేరు తర్వాత పేరు. 168 సెంటీమీటర్లు. నా కంటే రెండున్నర ఎక్కువ, నేను గ్రౌండ్‌లో చెప్పిన లెక్క ప్రకారం ఒకటే ఎక్కువ. తలకు హెల్మెట్ పెట్టుకుని ఆడతాడు. 2014 డ్రాఫ్ట్‌లో నలభై ఐదు పేర్లు పిలిచాక, 46వ నంబరుకు మా వెస్టర్న్ బుల్‌డాగ్స్ తీసుకుంది. రెండేళ్ళు తిరక్కుండా 2016లో ప్రీమియర్‌షిప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. 1954 తర్వాత మాకు అదే కప్పు, అరవై రెండేళ్ళు! మర్నాడు మా క్లబ్ గ్రౌండ్ విట్టెన్ ఓవల్‌లో మా వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని నిలబడ్డాను. వాడికప్పుడు ఐదేళ్ళు. ఎర్ర, తెల్ల, నీలం రంగుల జనంలో హెల్మెట్ అబ్బాయి ఎవరని అడిగాడు. చూపించాను. "చిన్నగా ఉన్నాడే" అన్నాడు. ఆ వారమే ఫుటీ బంతి కొనిపించుకున్నాడు. 2020లో డేనియల్ ఆల్ ఆస్ట్రేలియన్ జట్టుకు (ఆ ఏడాది లీగ్ మొత్తంలో మేటి ఆటగాళ్ళ జాబితా) కూడా ఎంపికయ్యాడు. ముందు పిలిచిన ఆ నలభై ఐదు మందిలో ఆ గౌరవం ఎంతమందికి దక్కిందో క్లిప్‌బోర్డ్ వాళ్ళు తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు.

ఒక్కడే కాదు. బ్రెంట్ హార్వీ, 1995లో 47వ నంబరు, ఆయనా దాదాపు ఇంతే ఎత్తు. 432 మ్యాచ్‌లు ఆడాడు. శామ్ మిచెల్‌ను 2000లో పద్దెనిమిదేళ్ళప్పుడు ఎవరూ తీసుకోలేదు, స్పీడు లేదన్నారు. మర్నాడు... కాదు, మరుసటి ఏడాది 36వ నంబరుకు పోయి, నాలుగు కప్పులు కొట్టి, ఇప్పుడు తనను తీసుకున్న ఆ హాథార్న్ క్లబ్‌కే కోచ్‌గా ఉన్నాడు. డేన్ స్వాన్ 58. జేమ్స్ హర్డ్ 79! డెబ్బై ఎనిమిది మందిని పిలిచాక కాగితం మీద మిగిలిన పేరు. ఇద్దరికీ బ్రౌన్లో మెడల్, అంటే ఏడాదికి లీగ్‌లో మేటి ఆటగాడికిచ్చే పతకం, వచ్చింది.

సరే, ఇక్కడ ఎవరో ఒకరు టామ్ బోయ్డ్ పేరు ఎత్తుతారు. ఎత్తండి. రెండు మీటర్ల మనిషి, 2013లో మొదటి నంబరు, 2016 ఫైనల్లో మా జట్టుకే మూడు గోల్స్ కొట్టాడు, అందులో ఒకటి మైదానం మధ్యనున్న సెంటర్ స్క్వేర్ నుంచి. ఆ గోలుకు నేనూ ఏడ్చాను, దాచను. పొడుగువాళ్ళు వద్దని నేననలేదు. కానీ అదే బోయ్డ్ ఇరవై మూడేళ్ళకు ఆట వదిలేశాడు, మనసు తట్టుకోలేకపోతోందని చెప్పి. పద్దెనిమిదేళ్ళ పిల్లాడి మెడలో "నంబర్ వన్" అని పలక కట్టి ఊరేగిస్తే ఏమవుతుందో ముందే తెలియలేదా? జాక్ వాట్స్‌కు ఏం చేశారో గుర్తులేదా? 2008 నంబర్ వన్. పన్నెండో తరగతి చదువుతుండగానే 2009 జూన్‌లో ఎంసీజీలో కాలింగ్‌వుడ్ జట్టు మీద దింపారు. ఇంటర్ పిల్లాడండీ! కాలింగ్‌వుడ్ వాళ్ళు వచ్చీ రాగానే చుట్టుముట్టి పడేశారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నవ్వారు. తప్పు ఎంపిక చేసినవాడిది, నవ్వు పిల్లాడి మీద.

ఇంకో మాట, మా వాడు డిసెంబరులో పుట్టాడు. వచ్చే నెల 19కి పదిహేను నిండుతాయి. ఇక్కడ వయసు గ్రూపు జనవరి 1తో మొదలవుతుంది, అంటే జనవరిలో పుట్టినవాడూ మా వాడూ ఒకే గ్రూపు. ఇవాళ పక్కన నిలబడ్డవాడికి మీసం వచ్చేసింది. గొంతు వింటే వాళ్ళ నాన్నేమో అనుకున్నాను. డ్రాఫ్ట్‌కీ ఇదే లెక్క, డిసెంబరు 31 లోపు పద్దెనిమిది నిండాలి. పదకొండు నెలల తేడా ఆ వయసులో ఎంతో ఏ అమ్మనడిగినా చెబుతుంది. ఇది మాత్రం క్లిప్‌బోర్డ్‌లో గడి లేదు.

అప్పుడు ఫ్యామిలీ గ్రూపులో బావ మెసేజ్. "ఏమైంది సెలక్షన్?" జరిగింది రాశాను. ఒక నవ్వు బొమ్మ, కింద "కరెక్టే కదా, డేటా అబద్ధం చెప్పదు."

డేటా.

మీకు చెప్పానుగా పెళ్ళిచూపులని. కాఫీ తాగి ఎత్తు అడిగినది ఈ బావ వాళ్ళ నాన్నగారే. బావ నాకంటే కాలేజీలో మూడేళ్ళు సీనియర్. పేరెందుకులెండి, అందరం ఆ రకం కాలేజీల్లోనే చదివాం. చేరిన రోజునే స్లిప్ టెస్ట్ పెట్టి, సాయంత్రానికల్లా పిల్లల్ని ముక్కలు చేసి పంచారు. సూపర్ సెక్షన్‌కు మంచి లెక్చరర్లు, ఫ్యాన్లు తిరిగే రూమ్. మేం పై అంతస్తులో రేకుల కింద. నాకు ముందు రోజు నుంచి జ్వరం, బస్సులో వాంతులు చేసుకుంటూ వచ్చి రాశాను ఆ టెస్ట్. నలభై నిమిషాలు. ఫిజిక్స్ సార్ పేపర్ చూసి, "నీ లెవెల్ ఇది నాయనా" అన్నాడు. ఆయనా "రైట్" అన్నట్టే అన్నాడు. పదిహేనేళ్ళవాడికి లెవెల్ చెప్పేశాడు. రెండేళ్ళు రేకుల కింద చెమటలు కక్కుతూ అదే నా లెవెల్ అనుకున్నాను.

బావ సూపర్ సెక్షన్. ఇరవై ఐదేళ్ళుగా ప్రతి పండక్కీ ఆ మాట ఎత్తకుండా అరిసె ముట్టడు. ఎంసెట్‌లో నాకు నాలుగంకెల ర్యాంకు, ఆయనకు ఐదంకెలు. ఇది మాత్రం ఏ పండక్కీ రాదు. డేటా అబద్ధం చెప్పదు కదా బావా, ఆ డేటా కూడా గ్రూపులో పెట్టు. "ఫుటీ మన జీన్స్‌కు పడదురా, కోచింగ్‌లో చేర్పించు" అని పోయిన దీపావళికి వాడి ముందే అన్నావు. మా మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో పెరిగిన మాజక్ డా సూడాన్‌లో పుట్టి ఏఎఫ్ఎల్ ఆడిన మొదటి మనిషి. ఆయన 2013లో గ్రౌండ్‌లోకి దిగేదాకా వాళ్ళ జీన్స్‌కూ పడదనే అని ఉంటారు ఎవరో బావలు. మార్లియన్ పికెట్‌ను చూడు. జైలుకెళ్ళి వచ్చాడు, ఏ డ్రాఫ్ట్‌లోనూ ఎవరూ పిలవలేదు. ఇరవై ఏడేళ్ళకు 2019లో సీజన్ మధ్యలో రిచ్‌మండ్ తీసుకుంటే, మొదటి మ్యాచే గ్రాండ్ ఫైనల్! 1952 తర్వాత అలా ఎవరూ దిగలేదు. గెలిచాడు కూడా. ఆయన సీలింగ్ ఎంతని రాసుకున్నారో క్లిప్‌బోర్డ్‌లో?

సరే, ఇవాళ ఆట సంగతి చెప్పనేలేదు. మూడో డ్రిల్. వాన పడి బంతి సబ్బుబిళ్ళలా జారుతోంది. ఇద్దరు పొడుగు కుర్రాళ్ళు ఒకేసారి ఎగిరారు, ఇద్దరి చేతులకూ తగిలి బంతి కింద పడింది. మా వాడు అప్పటికే వంగి ఉన్నాడు. ఎక్కడ పడుతుందో వాడికెలా తెలుసో నాకు తెలీదు. ఎడమచేత్తో ఎత్తి, లేవకుండానే, వెనక్కి చూడకుండానే, వెనక నుంచి పరిగెత్తుకొస్తున్నవాడి పొట్ట దగ్గరికి గుద్దాడు. వాడు గోల్ కొట్టాడు. పక్కనున్న ఒక ముసలాయన, ఎవరి తాతో, "యూ బ్యూటీ" అని అరిచాడు. నేను క్లిప్‌బోర్డ్ ఆయన వైపు చూశాను.

ఆయన అటు తిరిగి ఇంకో పిల్లాడి నాన్నను హైట్ అడుగుతున్నాడు.

శుక్రవారం ఈమెయిల్ వస్తుందట. ఏం వస్తుందో... వదిలేయండి.

ఇది రాస్తుండగానే మా వాడు గరాజ్ తలుపు తీసి తొంగి చూశాడు. స్నానం చేశాడు, చేతిలో పెరుగన్నం గిన్నె. "నాన్నా, ఊళ్ళో తాతయ్య ఎంత పొడుగు?" అన్నాడు. తాతలను చూసి కూడా చెబుతారని ఎవరో చెప్పారట గ్రౌండ్‌లో.

మా నాన్న సైకిల్ సీటు మీద కూర్చుంటే కాళ్ళు నేలకు అందేవి కావు. ఆగాలంటే అరుగు వెతుక్కునేవాడు.

ఆరడుగులని చెప్పాను. అక్కా, నువ్వు ఈ పోస్ట్ చూస్తే వాడితో నోరు జారకు. బావకు కూడా చెప్పు.