కష్టపడనివాళ్లకి పాయింట్లు కోయాలి

ఫాంటసీ ప్రీమియర్ లీగ్ ఆడేవాళ్లు రెండు రకాలు: కష్టపడేవాళ్లు, గెలిచేవాళ్లు. ఈ అన్యాయం మీద ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ కమిటీ వేయలేదు గనక ఆ భారం నా మీద పడింది.

తెలియనివారికి రెండు ముక్కలు. ఇది ఇంగ్లండు ఫుట్‌బాల్ లీగు అయిన ప్రీమియర్ లీగ్ మీద ఆన్‌లైన్లో ఆడే ఆట. చేతికి 100 మిలియన్ పౌండ్ల ఉత్తుత్తి డబ్బిస్తారు. దాంతో ఆ లీగులోని 15 మంది ఆటగాళ్లని కొనాలి, ఒక్కో క్లబ్బు నుంచి ముగ్గురికి మించకూడదు. వాళ్లు ఇంగ్లండులో నిజంగా ఎలా ఆడితే మనకి అలా పాయింట్లు, కెప్టెన్‌కి రెట్టింపు. టీమ్‌లో వారానికి ఒక ఆటగాడి మార్పు ఉచితం, ఆపైన ప్రతి మార్పుకీ నాలుగు పాయింట్లు కోత. 2002లో మొదలైన ఈ ఆటని ఇప్పుడు కోటి మందికి పైగా ఆడుతున్నారు. అందులో మన హైదరాబాదు ఆఫీసుల వాటా ఎంతంటే, శుక్రవారం మీటింగుల్లో కెమెరాలు ఆపేసినవాళ్లని లెక్కపెట్టుకోండి.

కష్టజీవి దినచర్య ధరల పట్టికతో మొదలవుతుంది. మనం నిద్రపోతుండగా ఒక ఆటగాడి ధర 0.1 మిలియన్ పెరిగి ఉంటుంది. సంబరమే. అయితే అమ్మేటప్పుడు లాభంలో సగమే దక్కుతుంది, అదీ కిందికి సవరించి. అంటే 0.1 పెరిగితే మన జేబులోకి వచ్చేది సున్నా. ఈ సున్నా కోసమే అలారం. గురు, శుక్రవారాల్లో క్లబ్బుల మేనేజర్ల ప్రెస్‌మీట్లు. "ప్రాక్టీసుకి వచ్చాడు, రేపు చూద్దాం" అన్న ఒక్క ముక్కకి వాట్సాప్ గ్రూపుల్లో అర్ధరాత్రి దాకా భాష్యాలు. ఇంతా చేసి, నాలుగు పాయింట్లు వదులుకుని తెచ్చుకున్న మాంచెస్టర్ సిటీ ఆటగాడిని మేనేజర్ పెప్ గార్డియోలా బెంచీ మీద కూర్చోబెడితే, దాన్ని 'పెప్ రూలెట్' (ఎవర్ని ఆడిస్తాడో తెలియని జూదం) అనుకుని కళ్లు తుడుచుకోవాలి.

ఇక డెడ్‌లైన్. ఆ వారం మొదటి మ్యాచ్‌కి 90 నిమిషాల ముందు మార్పులకి తలుపు మూసేస్తారు. పెళ్లి ముహూర్తాన్నైనా పంతులుగారు కాస్త అటూ ఇటూ సర్దుతారు గానీ దీన్ని ఎవరూ సర్దలేరు. శుక్రవారం రాత్రి మ్యాచ్ ఉంటే, ఆగస్టు నెలలో మనకి ఆ డెడ్‌లైన్ రాత్రి 11 గంటలు. దుప్పటి కింద ఫోను వెలుగులో కెప్టెన్‌ని మార్చేవాణ్ణి ఇంట్లోవాళ్లు అనుమానిస్తారు. నిజం చెబితే జాలిపడతారు. అనుమానమే నయం.

ఇప్పుడు రెండో రకం. మా ఆఫీసు అకౌంట్స్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. 2024 ఆగస్టులో ఎవరో బతిమాలితే టీమ్ పెట్టి, లివర్‌పూల్ క్లబ్బు ఆటగాడు మొహమ్మద్ సలాని కెప్టెన్ చేసి, పాస్‌వర్డ్ మర్చిపోయారు. ఆ సీజన్లో సలా 38 మ్యాచ్‌లూ ఆడి, 29 గోల్స్ కొట్టి, 344 పాయింట్లు తెచ్చాడు. ఆట చరిత్రలో అది రికార్డు. రెట్టిస్తే 688. ఒక్క మతిమరుపుకి 688! అదే సమయంలో మా ఆఫీసు లీగ్ మేధావులు "ఈ ఫామ్ నిలవదు" అని స్ప్రెడ్‌షీట్లలో వారం వారం నిరూపిస్తూ వచ్చారు.

బుర్ర ఉంటే గెలుస్తామనేవాళ్లు మాగ్నస్ కార్ల్‌సన్‌ని చూపిస్తారు. నిజమే, ఆ చదరంగం ఛాంపియన్ 2019 డిసెంబరులో లక్షల మందిని దాటుకుని మొదటి స్థానానికి వెళ్లాడు. కానీ చదరంగంలో గుర్రానికి తొడ కండరం పట్టెయ్యదు. ఇక్కడ ఆలోచన ఎక్కువైతే మార్పులు ఎక్కువ, మార్పులు ఎక్కువైతే కోతలు ఎక్కువ. పైగా నిర్వాహకులే సోమరితనాన్ని పోషిస్తున్నారు: వాడని ఉచిత మార్పుల్ని 2024 నుంచి ఐదు దాకా దాచుకోవచ్చట!

గాయాలెవరికో చూసి, పెనాల్టీలు కొట్టేవాడిని కెప్టెన్ చేసి, మూసేస్తే వారానికి అరగంట చాలని కొందరు ప్రచారం చేస్తున్నారు. ప్రమాదకరమైన సిద్ధాంతం. మిగతా గంటల్లో ఏం చేయమంటారు, ఆఫీసు పనా?

అందుకే వినతిపత్రం తయారుచేశాను. వారంలో ఒక్కసారైనా టీమ్ తెరవనివారికి నాలుగు పాయింట్ల కోత వేయాలి. ప్రెస్‌మీట్ ఆసాంతం విన్నవారికి హాజరు మార్కులివ్వాలి. సంతకాల కోసం మొదట అకౌంట్స్ పెద్దాయన దగ్గరికే వెళ్లాను. కాగితమంతా శ్రద్ధగా చదివి, మంచి విషయమేనని సంతకం పెట్టి, "ఇంతకీ ఏ ఆట బాబూ ఇది?" అన్నారు.